బీరువాలో దాచిన చెవి మిషన్

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. ప్రకాశం జిల్లాలో ఓ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మూడు నాలుగేళ్లుగా మాటలు వినిపిస్తున్నాయి గానీ అర్థం కావడం లేదు. పిల్లలు ఒకటి అడిగితే నేను ఇంకోటి విని జవాబు చెబుతున్నాను. వెనక బెంచీల్లో నవ్వుకుంటున్నారు. ఇంట్లో ఎవరొచ్చినా మావారు ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే’ అని జోకులేస్తారు. పరీక్ష చేయిస్తే కుడి చెవి 48, ఎడమ చెవి 42 డెసిబెల్స్ అని రాశారు. 68 వేలు పెట్టి రెండు చెవులకూ మిషన్లు కొన్నాం. పెట్టుకుంటే గిన్నెల చప్పుడు నెత్తిమీద మోగినట్టుంటుంది. నా గొంతు నాకే బిందెలోంచి వచ్చినట్టుంటుంది. ఓ పెళ్లికి పెట్టుకెళ్లి గంటలో తీసేశాను. పది రోజులకే బీరువాలో పడేశాను. ‘కళ్లజోడైతే పెట్టుకోగానే కనపడుతుంది, ఇది డబ్బు దండగ’ అంటారు మావారు. ఇప్పుడు మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. పెళ్లివారి ముందు మిషన్ పెట్టుకోవద్దు, వంశంలో చెవుడు ఉందనుకుంటారు అని ఆయన పట్టుబడుతున్నారు. నాకూ అదే భయం. ఏం చేయను?

జవాబు: టీచర్ గారూ, ముందు మీవారి కళ్లజోడు పోలిక సంగతి చూద్దాం. చాలామంది ఇదే మాట అంటారు. నలభై దాటాక చత్వారం వస్తే లోపం కంటి కటకంలో ఉంటుంది, వెనక రెటీనా బాగానే ఉంటుంది. అందుకే అద్దం పెట్టగానే అక్షరం తేటగా కనిపిస్తుంది. వయసుతో తగ్గే వినికిడి అలా కాదు. అక్కడ దెబ్బతినేది ఎక్కువగా లోపల, నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తంలోని సన్నటి రోమకణాలు. ఏటా బోర్డు మీద మీరు బొమ్మ గీసి చెప్పే పాఠమే ఇది. ఆ కణాలు మళ్లీ పుట్టవు. మిషన్ శబ్దాన్ని పెంచి పంపగలదు గానీ, అందుకోవాల్సింది మిగిలిన కణాలే, అర్థం చేసుకోవాల్సింది మెదడే.

ఆ 48, 42 అనేవి సగటు అంకెలు. ఆడియోగ్రామ్ కాగితం, అంటే మీ వినికిడి పరీక్ష గీత ఉన్న కాగితం, ఓసారి బయటికి తీయండి. సున్నాలు కుడి చెవివి, ఇంటూ గుర్తులు ఎడమ చెవివి. మీరు చెప్పిన తీరు చూస్తే గీత ఎడమవైపు పైన మొదలై కుడివైపుకి దిగిపోతూ ఉంటుందనుకుంటున్నాను. అంటే ఎడమవైపు ఉండే లావు గొంతులాంటి శబ్దాలు అందుతున్నాయి, కుడివైపు ఉండే సన్న గొంతులాంటివి జారిపోతున్నాయి. అచ్చుల్లో బలం ఎక్కువ, అవి వినిపిస్తాయి. స, శ, త, ప, క లాంటివి పలచటి శబ్దాలు, ముందు పోయేవి అవే. అందుకే ‘పాలు’ అన్నది ‘కాలు’గానో ‘తాలు’గానో చేరుతుంది. మాట వినిపిస్తుంది, మాటేమిటో తెలియదు. మీ పిల్లలు నవ్వింది మీ తెలివిని చూసి కాదు, ఒక్క హల్లు జారిపోయినందుకు.

ఇక గిన్నెల మోత. ఇన్నేళ్లుగా ఫ్యాను గరగర, చెప్పుల చప్పుడు, పేపరు మడత పెట్టిన శబ్దం మీకు సరిగా చేరలేదు. వాటిని వినీ విననట్టు పక్కన పెట్టే అలవాటు మీ మెదడుకి తప్పిపోయింది. ఇప్పుడు అన్నీ ఒక్కసారిగా వచ్చిపడితే ఏది వినాలో, ఏది వదిలేయాలో దానికి తోచదు. ఆ అలవాటు తిరిగి రావడానికి కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు పడుతుంది. పది రోజులు ఏ మూలకూ చాలవు. పైగా మీరు పెట్టుకెళ్లింది పెళ్లికి! బ్యాండు మేళం, మైకు, నాలుగొందల మంది మాటలు. అలవాటైనవాళ్లకే అక్కడ కష్టం. ఈత రానివాళ్లను పుష్కరాల రద్దీలో గోదాట్లోకి దింపినట్టయింది మీ పని.

అలాగని అంతా ఓర్పు మీదికి తోసేయను. మీరు చెప్పినవాటిలో కొన్నిటికి, వినికిడి పరీక్షించి మిషన్ అమర్చే ఆడియాలజిస్ట్ చేతిలోనే మందు ఉంది. బిందెలో మాట్లాడినట్టు ఉండటానికి సాధారణంగా కారణం చెవి రంధ్రం బిగుతుగా మూసుకుపోవడమే. మిషన్ కొసకు తొడిగే మెత్తటి టోపీని డోమ్ అంటారు, చెవి కొలతకు పోసిన అచ్చును మౌల్డ్ అంటారు. గాలి ఆడే డోమ్ వేసినా, మౌల్డ్‌లో రంధ్రం పెద్దది చేసినా చాలావరకు తగ్గుతుంది. పెద్ద శబ్దాలు నొప్పి పుట్టిస్తుంటే మిషన్ ఇచ్చే గరిష్ఠ శబ్దాన్ని తగ్గించవచ్చు. మొదటి రోజు పెట్టే సెట్టింగు ఓ అంచనా మాత్రమే. చెవిలో సన్నటి గొట్టం ఉంచి, లోపలికి నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలిచే పరీక్ష ఉంది. అది మీకు చేశారా అని అడగండి. చేయకపోతే చేయమనండి. ‘బాగాలేదు’ అంటే వాళ్లకేమీ తెలియదు. చిన్న పుస్తకం పెట్టుకుని ‘స్టీలు గ్లాసు సింకులో పడితే నొప్పి’, ‘ఫోనులో మగవాళ్ల మాట తెలుస్తోంది, ఆడవాళ్లది తెలియడం లేదు’ అని రాసుకెళ్లండి. కొన్నచోటే నాలుగైదుసార్లు కూర్చుని సరిచేయించుకోవడంలో మొహమాటం వద్దు.

ఈఎన్‌టీ డాక్టరుకి ఇంతవరకు చూపించకపోతే ఒకసారి చూపించండి. గుమిలి అడ్డుపడినా వినికిడి తగ్గుతుంది. ఎప్పుడైనా ఉన్నట్టుండి ఓ చెవి వినిపించడం మానేస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. దానికి ఇచ్చే మందు పనిచేయాలంటే తొలి రోజులే విలువైనవి.

ఇంట్లో మళ్లీ మొదలుపెట్టండి. మొదట టీవీ కట్టేసి, ఒక్క మనిషితో, రోజుకి రెండు గంటలు. వారం గడిచేసరికి రోజుకి నాలుగు గంటలు, ఆ తర్వాత లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా. పొద్దున్నే పేపరు పైకి చదవండి, మీ గొంతు మీకు కొత్త పోతుంది. స్నానానికి ముందు, తలకు నూనె, రంగు పెట్టుకునే ముందు తీసేయండి. రాత్రిపూట తేమ పీల్చే డబ్బాలో ఉంచండి.

మీవారి విషయానికి వస్తున్నాను. రోజుకి ఇరవైసార్లు ‘ఏంటీ?’ అంటే ఎదుటివాళ్లకీ విసుగొస్తుంది, అది నేను కాదనను. విసుగు వేరు, వచ్చినవాళ్ల ముందు సామెతలు చెప్పడం వేరు. ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి: ‘మీరు శంఖం అన్న ప్రతిసారీ నాకు మిషన్ పెట్టుకోబుద్ధి కావడం లేదు’ అని. దెబ్బలాట అక్కర్లేదు, ఆ ఒక్క మాట చాలు. ఈసారి సెట్టింగుకి ఆయన్నీ తీసుకెళ్లండి. ఆయనా నేర్చుకోవాల్సింది ఉంది. వంటింట్లోంచి కేకేయకుండా దగ్గరికొచ్చి, ముందు పిలిచి, మొహం కనిపించేలా నింపాదిగా మాట్లాడాలి. అరిస్తే మాట ఇంకా చెదిరిపోతుంది.

క్లాసులో ఓ పీరియడ్ ఖర్చు పెట్టండి. చెవి పాఠం చెబుతూ మిషన్ తీసి చూపించండి. అడిగేవాళ్లు లేచి నిలబడి అడగాలని, మీరు బోర్డు వైపు తిరిగినప్పుడు మాట్లాడొద్దని చెప్పండి. దాచిన వస్తువు చూసి నవ్వే పిల్లలే, చేతికిచ్చి చూపిస్తే వంద ప్రశ్నలు వేస్తారు. ఇంతకంటే మంచి బోధనోపకరణం మీకెక్కడ దొరుకుతుంది!

పెళ్లివారి సంగతిలో మాత్రం మీవారితో నేను ఏకీభవించను. మిషన్ లేకుండా కూర్చున్నారనుకోండి. అబ్బాయి తల్లి నెమ్మదిగా ఏదో అడుగుతుంది. మీరు ఇంకేదో చెబుతారు, లేదా నవ్వి ఊరుకుంటారు. పొగరనుకోవచ్చు, ఇష్టం లేదనుకోవచ్చు. ఎలాగూ నిశ్చితార్థానికో, పసుపు దంచేనాటికో తెలిసిపోతుంది. అప్పుడు ప్రశ్న మీ చెవి గురించి ఉండదు, ఇంకేం దాచారన్నదాని గురించి ఉంటుంది.

వయసుతో వచ్చే వినికిడి లోపంలో వంశం పాత్ర కొంత ఉండొచ్చు. దానికి తోడు వయసు, ఏళ్ల తరబడి విన్న మోత, షుగరు లాంటివి కూడా కలుస్తాయి. మీ ఇంట్లో చిన్న వయసులోనే చెవుడు వచ్చినవాళ్లుంటే అది డాక్టరుకి చెప్పండి. లేకపోతే యాభై దాటిన తల్లి మిషన్ పెట్టుకుందన్నది అమ్మాయి గురించి చెప్పే సంగతేమీ కాదు. మధ్యవర్తితో ముందే మామూలుగా అనేయండి, ‘అమ్మాయి వాళ్లమ్మ వినికిడి మిషన్ వాడతారు’ అని. షుగరు మాత్ర వేసుకుంటారన్నంత మామూలుగా. దానికే వెనక్కి తగ్గే సంబంధమైతే ఇప్పుడే తగ్గనివ్వండి.

ఒక్కటి అడగాలి. ఇంత పెద్ద ఉత్తరంలో మీ అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్కా లేదు. మిషన్ గురించీ లేదు, సంబంధాల గురించీ లేదు. ఆమెను అడగలేదా, ఆమె చెప్పింది మీకు సరిగా వినపడలేదా? ఈ రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేసి, మిషన్లు రెండూ పెట్టుకుని, తన ఎదురుగా కూర్చుని అడగండి.