డాక్టర్ సలహా: రోజుకు 9 గంటలు పెట్టుకోవాల్సిన హెడ్‌ఫోన్‌ను ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: నా వయసు 27. ఇంటి నుంచే ఒక విదేశీ సంస్థ కస్టమర్ సపోర్ట్ విభాగంలో పనిచేస్తున్నాను. వారానికి ఐదు రాత్రులు, రోజుకు 9 గంటల చొప్పున కాల్స్ మాట్లాడాలి. ఇంతకాలం చెవిలో దూర్చుకునే ఇయర్‌బడ్స్ వాడాను. ఏడాదిలో రెండుసార్లు చెవిలో ఫంగస్ వచ్చింది. రెండు నెలలుగా షిఫ్ట్ ముగిశాక అరగంటసేపు రెండు చెవుల్లోనూ సన్నగా గుయ్‌మని మోగుతోంది. చెవి మొత్తాన్ని కప్పే వైర్‌లెస్ హెడ్‌ఫోన్ కొనుక్కోమని స్నేహితులు అంటున్నారు. షాపులో 2 వేల నుంచి 30 వేల రూపాయల దాకా రకరకాలవి చూపించారు. నాకు కళ్లజోడు ఉంది. బ్లూటూత్ వల్ల మెదడుకు హాని జరుగుతుందేమోనని అమ్మ భయపడుతోంది. ఎలాంటిది తీసుకోవాలో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు అడిగింది హెడ్‌ఫోన్ గురించే అయినా, షిఫ్ట్ ముగిశాక అరగంట పాటు చెవుల్లో మోగే ఆ శబ్దం గురించి ముందుగా చెప్పాలి. మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియా అనే భాగంలో శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే కేశకణాలు ఉంటాయి. ఒక్కో చెవిలో ఇవి సుమారు 15 వేలు మాత్రమే. ఎక్కువ శబ్దానికి గురైనప్పుడు ఈ కణాలు అలసిపోతాయి. విశ్రాంతి దొరికితే కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో తేరుకుంటాయి. తేరుకునే వ్యవధి ఇవ్వకుండా ప్రతి రాత్రీ అదే శ్రమ పెడితే వాటిలో కొన్ని చనిపోతాయి, మనుషుల్లో అవి మళ్లీ పుట్టవు. మీకు వినిపిస్తున్న మోత ఆ అలసటకు గుర్తు కావచ్చు. గులిమి గట్టిపడి అడ్డుపడినా, పాత ఫంగస్ పూర్తిగా పోకుండా మిగిలినా కూడా ఇలాంటి మోత రావచ్చు. ఏది కారణమో చెవిని చూడకుండా నేను చెప్పలేను.

అందుకని కొత్త హెడ్‌ఫోన్‌కు డబ్బు కట్టే ముందు దగ్గర్లోని ఇ.ఎన్.టి. వైద్యుల వద్ద చెవులు శుభ్రం చేయించుకుని, ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించుకోండి. షిఫ్ట్ నుంచి లేచి నేరుగా పరీక్షకు వెళ్లకండి. కనీసం 16 గంటల పాటు చెవులకు పెద్ద శబ్దం తగలకుండా ఉండి వెళితేనే, తాత్కాలికమైన అలసట ఎంతో, నిలిచిపోయిన నష్టం ఎంతో తేడా తెలుస్తుంది. శబ్దం వల్ల కలిగే నష్టం మొదట 4000 హెర్ట్జ్ పరిసరాల్లోని సన్నని ధ్వనుల వద్ద కనిపిస్తుంది. మామూలు మాటలు వినడానికి తొలినాళ్లలో ఇబ్బంది ఉండదు కాబట్టి చాలామంది దాన్ని గుర్తించరు. స, ఫ, త వంటి అక్షరాలు జారిపోయి, ‘వినపడుతోంది కానీ ఏమన్నారో అర్థం కావడం లేదు’ అనే దశకు వచ్చాకే మా దగ్గరకు వస్తారు. మీరు అంతకంటే చాలా ముందే అడిగారు, అందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ఇక శబ్దం లెక్క. పెద్దవారికి వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ వరకు వినడాన్ని సురక్షితమైన పరిమితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ అనుమతించే సమయం సగానికి పడిపోతుంది: 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు. మీ పని వారానికి 45 గంటలు కాబట్టి సగటున 80 కన్నా కాస్త తక్కువలోనే ఉండాలి. అవతలివారి గొంతు సరిగా వినపడటం లేదని రోజూ 83 డెసిబెల్స్ దగ్గర పెట్టుకున్నారనుకోండి, మూడో రాత్రి షిఫ్ట్ మొదలైన రెండు గంటలకే ఆ వారానికి మీ కోటా అయిపోతుంది. సెలవు రోజున వినే పాటలు, చూసే సినిమాలు కూడా ఈ ఖాతాలోకే వస్తాయి. మూడు డెసిబెల్స్ అంటే చెవికి పెద్దగా తేడా తెలియని మొత్తం. అందుకే ‘నేను మరీ ఎక్కువ పెట్టుకోవడం లేదు’ అనే అంచనాను నమ్మడానికి వీల్లేదు.

కాబట్టి షాపులో చూపించే వాటిలో దేన్ని చూసినా, దీనితో నేను తక్కువ వాల్యూమ్‌లో స్పష్టంగా వినగలనా అన్న ఒక్క ప్రశ్న వేసుకోండి. బాస్ ఎంత గట్టిగా కొడుతుంది, లోపలి స్పీకర్ ఎన్ని మిల్లీమీటర్లు, బ్యాటరీ 40 గంటలు వస్తుందా 60 గంటలు వస్తుందా అన్న విషయాలు మీ చెవి ఆరోగ్యానికి అంతగా సంబంధించినవి కావు.

చుట్టూ చప్పుడు ఉన్నప్పుడు దాన్ని మించి వినడానికి మనం తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. నాయిస్ క్యాన్సలేషన్ ఉన్న హెడ్‌ఫోన్లు ఉపయోగపడేది ఇక్కడే. వాటి పైనున్న మైకులు బయటి శబ్దాన్ని గ్రహించి, దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని లోపల పుట్టించి రెండూ ఒకదానితో ఒకటి రద్దయ్యేలా చేస్తాయి. ఫ్యాన్, కూలర్, ఏసీ, బస్సు ఇంజిన్ వంటి ఎడతెగని మంద్ర శబ్దాలను ఇవి బాగా తగ్గిస్తాయి. పక్కగదిలో టీవీ, కుక్కర్ విజిల్, పిల్లల కేకలు మాత్రం అంతగా తగ్గవు. వాటిని ఆపేది చెవి చుట్టూ ఒత్తుగా ఆనుకునే కుషనే. రాత్రంతా కూలర్ పక్కన కూర్చుని పనిచేసేవారికి ఈ సదుపాయం విలాసమని నేను అనుకోను. మీ బడ్జెట్‌లో ఒక్కదానికే అదనంగా ఖర్చు పెట్టాలంటే దీనికే పెట్టమంటాను. అయితే ఇది కొందరికి చెవిలో ఒత్తిడి పెరిగినట్టు, తల కాస్త తిరిగినట్టు అనిపిస్తుంది. నిజంగా ఒత్తిడి ఏమీ పెరగదు, కానీ ఆ భావన కలిగేవారు రోజుకు 9 గంటలు దాన్ని భరించలేరు. కొనే ముందే పరీక్షించుకోవాలి.

మీ విషయంలో ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. చెవిలో మోత ఉన్నవారికి పూర్తి నిశ్శబ్దంలో ఆ మోత మరింత పెద్దగా వినిపిస్తుంది. కాల్స్ లేని సమయంలో నాయిస్ క్యాన్సలేషన్ వేసుకుని ఊరికే కూర్చోకండి. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టండి, ఫ్యాన్ చప్పుడు వినపడనివ్వండి.

కళ్లజోడు సంగతి చాలామంది ఇంటికి వెళ్లాకే గమనిస్తారు. కళ్లజోడు కాడ చెవి మీదుగా వెళ్లే చోట కుషన్ చర్మానికి పూర్తిగా ఆనదు, అక్కడ సన్నని సందు ఏర్పడుతుంది. ఆ సందులోంచి బయటి శబ్దం లోపలికి వస్తుంది, పాటలోని మంద్ర ధ్వనులు బయటికి పోతాయి, మళ్లీ వాల్యూమ్ పెంచుతాం. కుషన్ గట్టిగా ఉంటే అదే కాడ కణతను నొక్కి గంట తిరగకుండానే తలనొప్పి తెప్పిస్తుంది. తలను బయటి నుంచి నొక్కే వస్తువుల వల్ల వచ్చే ఈ తలనొప్పిని వైద్యశాస్త్రం ఒక ప్రత్యేక రకంగానే గుర్తించింది. వస్తువు తీసేశాక గంటలోపు తగ్గిపోవడం దాని లక్షణం. కాబట్టి షాపుకు మీరు రోజూ పెట్టుకునే కళ్లజోడుతోనే వెళ్లండి. హెడ్‌ఫోన్ పెట్టుకుని పాట వేయకుండా నాయిస్ క్యాన్సలేషన్ ఒక్కటే ఆన్ చేసి, షాపులోని ఫ్యాన్ చప్పుడు వినండి. ఆ తరువాత కుషన్‌ను కాడ ఉన్న చోట వేలితో మెల్లగా తల వైపు నొక్కండి. నొక్కగానే చప్పుడు ఇంకా బాగా తగ్గిందంటే, నొక్కనప్పుడు అక్కడ సందు ఉన్నట్టే లెక్క. మెత్తని, లోతైన కుషన్, సన్నని కాడ ఉన్న కళ్లజోడు కలిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. అలా పెట్టుకుని కనీసం 20 నిమిషాలు ఉండండి, నాలుగు మాటలు మాట్లాడండి, దవడ కదిలించండి. అద్దంలో చూసుకుంటే కణత మీద కాడ అచ్చు ఎర్రగా లోతుగా పడిందంటే, అది ఎంత ఖరీదైనదైనా మీకు తగినది కాదు. బరువు కూడా చేత్తో పట్టుకుని చూడండి. ఈ తరహా హెడ్‌ఫోన్లు 200 గ్రాముల నుంచి దాదాపు 400 గ్రాముల దాకా ఉంటాయి. మీలా గంటల తరబడి వాడేవారు 250 గ్రాముల లోపు ఉండేలా చూసుకుంటే మెడ సుఖపడుతుంది.

షాపువారు మీకు చెప్పే అవకాశం తక్కువగా ఉన్న విషయం కాల్స్ గురించి. బ్లూటూత్‌లో పాట వింటున్నప్పుడు ఉండే స్పష్టత, అదే హెడ్‌ఫోన్ మైకు కూడా పనిచేయడం మొదలుపెట్టగానే చాలా వాటిలో తగ్గిపోతుంది. వినడం, మాట్లాడటం రెండూ ఒకేసారి సాగాల్సి వచ్చినప్పుడు అది వేరే పద్ధతికి మారి, ధ్వనిలోని సన్నని భాగాన్ని కత్తిరించేస్తుంది. గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు మొద్దుగా వినిపిస్తుంది. మాట తెలియక మనం వాల్యూమ్ పెంచుతాం; మీ పని మొత్తం కాల్సే కాబట్టి మీ చెవులకు ఎక్కువ భారం పడేది ఇక్కడే. దీనికి మూడు మార్గాలున్నాయి. వైర్‌తో కూడా పనిచేసే వైర్‌లెస్ హెడ్‌ఫోన్ తీసుకుని, షిఫ్ట్‌లో లాప్‌టాప్‌కు వైర్‌తోనే కలపడం నేను మొదట సూచించే మార్గం. లేదా వినడానికి హెడ్‌ఫోన్, మాట్లాడటానికి లాప్‌టాప్ మైకు ఎంచుకోవచ్చు. ఆఫీసు పనికోసమే తయారైన, యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే హెడ్‌సెట్లు కూడా ఉన్నాయి. షాపులోనే ఎవరికైనా ఫోన్ చేసి మాట్లాడి చూడండి. పాట విని నిర్ణయించుకోకండి. చెవులు రెండూ మూసుకున్నప్పుడు మన గొంతు మనకు సరిగా వినపడక గట్టిగా మాట్లాడతాం, రాత్రి గడిచేసరికి గొంతు బొంగురుపోతుంది. మాట్లాడుతున్నప్పుడు మీ గొంతును మీకు కొద్దిగా వినిపించే సదుపాయం ఉన్నది దొరికితే దాన్నే తీసుకోండి.

చెవిలో ఫంగస్ విషయానికి వస్తే, మీ స్నేహితుల సలహా సరైనదే. ఇయర్‌బడ్ చెవి రంధ్రాన్ని బిరడాలా మూసేస్తుంది, గులిమిని లోపలికి నెడుతుంది, చెమటను ఆరనివ్వదు. అలాంటి చెవిలోకి పరికరంతో చూస్తే తడిసిన వార్తాపత్రిక ముక్కను కుక్కినట్టు తెల్లని బూజు, దాని మీద నల్లని చుక్కలు కనిపిస్తాయి. చెవి బయట ఆనే హెడ్‌ఫోన్‌తో ఈ ముప్పు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. మే నెలలో బెజవాడ ఎండకు తోలులా కనిపించే కృత్రిమ కుషన్ లోపల చెవి ఉడికిపోతుంది. గుడ్డ కుషన్ గాలి ఆడనిస్తుంది, కానీ బయటి శబ్దాన్ని అంత బాగా ఆపదు. చెమటను పీల్చుకుంటుంది కాబట్టి తరచూ ఉతకాలి. ఏ రకమైనా ఊడదీసి మార్చుకునే కుషన్లు ఉన్నవే కొనండి, అవి విడిగా దొరుకుతాయో లేదో ముందే అడగండి. గంటకు ఒకసారి ఐదు నిమిషాలు తీసి చెవులకు గాలి తగలనివ్వండి. తలంటు పోసుకున్న రోజున జుట్టు, చెవులు పూర్తిగా ఆరాకే పెట్టుకోండి. దురద పెట్టినప్పుడు నూనె చుక్కలు వేయడం, పుల్లలు, పిన్నులు, దూది చుట్టిన పుల్లలతో తిప్పడం మానేయండి. రెండుసార్లు ఫంగస్ వచ్చిన చెవికి అవి మూడోసారి దారి చూపిస్తాయి. మీ హెడ్‌ఫోన్ ఇంట్లో వేరెవరికీ ఇవ్వకండి. మళ్లీ మళ్లీ ఫంగస్ వస్తోంది కనుక ఒకసారి రక్తంలో చక్కెర కూడా పరీక్ష చేయించుకోండి.

మీ అమ్మగారి భయానికి జవాబు చిన్నదే. బ్లూటూత్ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలను. ఎక్స్‌రేలా కణంలోని జన్యు పదార్థాన్ని తెంచే శక్తి వాటికి లేదు. హెడ్‌ఫోన్ నుంచి వెలువడేది సాధారణంగా కొద్ది మిల్లీవాట్లే, చెవికి ఆనించి మాట్లాడే ఫోన్ కన్నా చాలా తక్కువ. వాటివల్ల మెదడుకు హాని జరుగుతుందని రుజువు కాలేదు. ఆమెకు ఉన్న శ్రద్ధనంతా వాల్యూమ్ వైపు మళ్లించమని నా మాటగా చెప్పండి. పెట్టె మీద బి.ఐ.ఎస్. (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తు ఉందో లేదో మాత్రం చూసుకోండి. అది బ్యాటరీ, విద్యుత్ భద్రతకు సంబంధించింది, శబ్దం సురక్షితమని ఇచ్చే హామీ కాదు.

కొన్నాక మొదటి రోజు చేయాల్సిన పని ఒకటుంది. పగటిపూట తలుపులు వేసి, ఫ్యాన్ ఆపి, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఒక కాల్ పెట్టుకుని, మాట హాయిగా తెలిసే అతి తక్కువ వాల్యూమ్ ఎంతో చూసి కాగితం మీద రాసి లాప్‌టాప్‌కు అంటించుకోండి. షిఫ్ట్‌లో ఆ గీత దాటాల్సి వస్తోందంటే తగ్గించాల్సింది గదిలోని చప్పుడు. ఫోన్ సెట్టింగ్స్‌లో గరిష్ఠ వాల్యూమ్‌కు హద్దు పెట్టే వీలుంటే అదీ పెట్టుకోండి. పక్కవారికి వినిపించడం లేదు కాబట్టి తక్కువే పెట్టుకున్నామన్న పాత కొలత చెవిని మూసేసే హెడ్‌ఫోన్లకు వర్తించదు. శబ్దమంతా లోపలే ఉంటుంది. రోడ్డు దాటేటప్పుడు, స్కూటీ మీద వెళ్లేటప్పుడు వీటిని పెట్టుకోవద్దు.

ఈ జాగ్రత్తలు తీసుకున్న రెండు మూడు వారాల్లో షిఫ్ట్ తరువాతి మోత తగ్గాలి. తగ్గకపోయినా, ఒకే చెవిలో మొదలైనా, చెవి నుంచి చీము కారినా, కళ్లు తిరిగినా వెంటనే ఇ.ఎన్.టి. వైద్యులకు చూపించుకోండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడటం ఆగిపోతే అది అత్యవసరం: జలుబు వల్లేమో, గులిమేమో అని ఎదురుచూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే స్టెరాయిడ్ చికిత్స ఎంత త్వరగా మొదలుపెడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ. ఇప్పుడు చేయించుకునే ఆడియోమెట్రీ కాగితాన్ని పారేయకుండా దాచుకోండి. మీది గంటల తరబడి వినే ఉద్యోగం కనుక ఏడాదికి ఒకసారి ఆ పరీక్ష మళ్లీ చేయించుకుని, రెండు కాగితాలూ వైద్యుల ముందు పక్కపక్కన పెట్టి చూపించండి.