ఆరో రోజుకే వెనక్కి పిలిపిస్తారా?

ప్రశ్న: మా అమ్మాయి ఆగస్టు ఆఖర్లో ఫ్రాన్స్‌లోని లియోన్ వెళ్లింది. ఒక ప్రైవేటు బిజినెస్ స్కూల్లో డేటా అనలిటిక్స్ ఎంఎస్సీ. ఏడాదికి 14 వేల యూరోల ఫీజు, బ్యాంకు లోను తీసుకున్నాం. వెళ్లి ఆరు రోజులైంది, రోజూ ఫోన్లో ఏడుస్తోంది. ఎవరూ ఇంగ్లిష్ మాట్లాడటం లేదట. బ్యాంకు ఖాతా కాలేదు, క్లాసులు మొదలవలేదు, గదిలో ఒక్కతే ఉంటోంది. పార్ట్‌టైమ్ ఉద్యోగం కూడా దొరకలేదు. బుధవారం వీడియో కాల్లో ఉండగా ఊరంతా సైరన్ మోగింది. ఆ రోజు నుంచి మా ఆవిడకి నిద్ర లేదు. వెనక్కి పిలిపించి వచ్చే ఏడాది జర్మనీ పంపిస్తే మంచిదా? రెండు దేశాలనీ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఏటా సెప్టెంబరు రాగానే నాకు ఇదే ఉత్తరం వస్తుంది. ఊరి పేరు మారుతుంది, అంతే. ఒకసారి తూలూజ్, ఒకసారి లిల్, ఈసారి లియోన్. పైకి అడిగేది రెండు దేశాల పోలిక. లోపల ఉన్న ప్రశ్న 'బిడ్డని తప్పు చోటికి పంపామా' అని. జర్మనీ సంగతి తర్వాత చెప్తాను. ముందు సైరన్ గురించి మీ శ్రీమతిగారికి చెప్పండి, ఇవాళైనా ఆమె నిద్రపోవాలి.

ఫ్రాన్స్‌లో ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం 12 గంటలకి ప్రమాద హెచ్చరిక సైరన్లు పనిచేస్తున్నాయో లేదో మోగించి చూస్తారు. నిమిషం 41 సెకన్లు మోగి ఆగిపోతుంది. మనకి అప్పుడు మధ్యాహ్నం మూడున్నర. అక్టోబరు మొదటి బుధవారం మళ్లీ మోగుతుంది. అప్పుడు మీ అమ్మాయి తలెత్తి కూడా చూడదు. ఈ వారం ఆమె పడుతున్న కష్టాల్లో చాలావరకు ఈ సైరన్ లాంటివే. తెలియక ముందు గుండె జారిపోతుంది, తెలిశాక మామూలు విషయం.

మీ అమ్మాయి వెళ్లిన సమయం కూడా చూడండి. ఆగస్టు అక్కడ సెలవుల నెల. బ్యాంకులో మనిషి, ఇంటి ఏజెన్సీలో మనిషి, చివరికి వీధి చివర రొట్టెల కొట్టువాడు కూడా ఊళ్లకి వెళ్లిపోతారు. సెప్టెంబరు మొదటి వారంలో దేశమంతా ఒకేసారి పనిలోకి వస్తుంది. దానికి 'రాంత్రే' అని ఒక పేరే పెట్టుకున్నారు. ఊళ్లో ఉన్న విద్యార్థులందరూ ఆ వారంలోనే బ్యాంకు అపాయింట్‌మెంటుకి క్యూ కడతారు. ఖాతాకి అడ్రసు కాగితం కావాలంటారు, ఇంటివాళ్లేమో ఇంటి బీమా కాగితం, ఖాతా నంబరు ఇవ్వమంటారు. అదొక సుడి. అందరూ అందులో రెండు మూడు చుట్లు తిరిగే బయటపడతారు. ఆరు రోజుల్లో ఖాతా కాకపోవడం మీ అమ్మాయి చేతకానితనం కాదు. దయచేసి ఆ మాట ఆమెతో మీ నోటితో చెప్పండి.

'ఎవరూ ఇంగ్లిష్ మాట్లాడటం లేదు' అన్నదాని వెనక ఏం జరిగి ఉంటుందో నేను ఊహించగలను. కొట్లోకి వెళ్లి నేరుగా ఇంగ్లిష్‌లో 'ఒక బ్రెడ్ ఇవ్వండి' అని ఉంటుంది. కౌంటర్ దగ్గరున్నామె మొహం ముడుచుకుని ఉంటుంది. అక్కడ కొట్లోకి అడుగుపెట్టగానే 'బోంజూర్' అనాలి. బస్సెక్కినా, ఆఫీసు కిటికీ దగ్గరకి వెళ్లినా, లిఫ్టులో ఎవరైనా కనబడినా అంతే. అనకపోతే పెద్దింటికి వెళ్లి పలకరించకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నట్టు లెక్క. మనకి కిరాణా కొట్లో నమస్కారం పెట్టే అలవాటు లేదు కాబట్టి పిల్లలకి ఇది తట్టదు. బోంజూర్ అని, ఒక్క క్షణం ఆగి, 'నాకు ఫ్రెంచ్ కొంచెమే వచ్చు' అనే ముక్క ఫ్రెంచ్‌లోనే చెప్పమనండి. చాలామంది తమకొచ్చిన ఇంగ్లిష్ అప్పుడే బయటికి తీస్తారు.

ఇంకో మూడు విషయాలు ఈ వారమే ఆమెకి చెప్పండి. గది తలుపు చాలా ఇళ్లలో మూయగానే దానంతటదే బిగుసుకుంటుంది, తాళంచెవి లోపల వదిలి చెత్త పారేయడానికి వెళ్తే బయటే ఉండిపోవాలి. తాళాలవాళ్లు వందల యూరోలు లాగుతారు, గోడలకీ పోస్టు డబ్బాలకీ అంటించిన స్టిక్కర్ల మీది నంబర్లకి అసలు ఫోన్ చేయకూడదు. రెండోది, ఆదివారం చాలా కొట్లు మూత, సూపర్‌మార్కెట్లు తెరిచినా చాలావరకు పొద్దుటిపూటే. సరుకులు శనివారమే తెచ్చుకోవాలి. లియోన్‌లో గిల్లోటియేర్ వైపు ఆసియా, ఆఫ్రికా సరుకుల కొట్లు వరసగా ఉంటాయి, బియ్యం, మసాలాల కోసం అటు వెళ్లొచ్చు.

మూడోది పోస్టు డబ్బా. అపార్ట్‌మెంటు కింద ఉండే డబ్బా మీద ఆమె పేరు లేకపోతే పోస్టుమ్యాన్ ఉత్తరం వేయడు, వెనక్కి పంపేస్తాడు. బ్యాంకు కార్డు, దాని రహస్య సంఖ్య, ఆరోగ్య బీమా కాగితాలు అన్నీ పోస్టులోనే వస్తాయి. నా దగ్గర సలహా తీసుకుని వెళ్లిన ఒకమ్మాయి రెండు వారాలు కార్డు కోసం ఎదురుచూసింది. అది వచ్చి తిరిగి వెళ్లిపోయిందని బ్యాంకులో అడిగితే తెలిసింది. ఆ సాయంత్రమే నోటుబుక్కులో కాగితం చింపి, పెద్ద అక్షరాలతో పేరు రాసి, టేపు లేక గాయానికి వేసుకునే బ్యాండ్‌ఎయిడ్ రెండు ముక్కలు చేసి అతికించింది. నాకు ఫొటో పంపింది. తర్వాతి వారం కార్డు వచ్చింది. ఇంత చిన్న సంగతి ముందే ఎందుకు చెప్పలేదా అని నేను ఇప్పటికీ బాధపడతాను.

ఇప్పుడు మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. పిల్ల వెళ్లిన ఆరో రోజున పార్ట్‌టైమ్ ఉద్యోగం గురించి ఎందుకు అడిగారు? విద్యార్థి వీసా మీద ఏడాదికి 964 గంటలు పనిచేసే హక్కు ఉంది, నిజమే. కానీ నోట్లో భాష లేకుండా, చేతిలో ఖాతా లేకుండా, ఊళ్లో ట్రామ్ ఎటు పోతుందో తెలియకుండా ఆమెకి పని ఎవరిస్తారు? లోను వాయిదా మీ మనసులో ఉంది, అది ఆమెకి ఫోన్లో వినబడుతోంది. అక్కడ పరాయి ఊరిని తట్టుకోవాలి, ఇక్కడ మిమ్మల్ని ఓదార్చాలి. రెండు వైపులా ధైర్యం నటించాల్సి వస్తే ఇరవై రెండేళ్ల పిల్ల ఏడవక ఏం చేస్తుంది? మొదటి మూడు నెలలు పని మాట ఎత్తకండి. ఆ ఖర్చు సర్దుకోలేని పరిస్థితి ఉంటే అది పంపక ముందు చూసుకోవాల్సిన లెక్క.

వీడియో కాల్ కూడా రోజుకి ఒకటి చాలు. మీరు ఊరికే చేస్తూ ఉంటే ఆమె గది దాటదు. గది దాటకపోతే కింద ఇంట్లో ఎవరున్నారో తెలియదు, క్యాంపస్‌లో ఎవరూ పరిచయం కారు. మధ్యాహ్నం 'క్రూస్' అనే ప్రభుత్వ విద్యార్థి క్యాంటీన్‌కి వెళ్లి తినమనండి. బయట శాండ్‌విచ్ కొనేదానికన్నా తక్కువకి వేడి భోజనం, పక్కన పదిమంది మనుషులు. శాకాహారం కూడా దొరుకుతుంది.

మీరు అడగకపోయినా నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి ఉంది. ఫ్రాన్స్‌లో ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు ఎంఎస్సీ ఇప్పుడు మన ఊళ్లలో పెద్ద మోజు. 2030 కల్లా 30 వేల మంది భారతీయ విద్యార్థులని చేర్చుకుంటామని అధ్యక్షుడు మాక్రాన్ 2024 జనవరిలో ప్రకటించాక ఆ మోజు ఇంకా పెరిగింది. అదే దేశంలో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ ఫీజు యూరప్ బయటివాళ్లకి కూడా ఏడాదికి సుమారు 3,900 యూరోలు. మీరు కడుతున్నది దానికి మూడు రెట్లు దాటింది. ఆ తేడాకి ఏం వస్తుందని కన్సల్టెన్సీని అడిగారా? పక్కింటివాళ్ల అబ్బాయి వెళ్లాడని సంతకం పెట్టారా?

ప్రైవేటు స్కూళ్లన్నీ మోసమని నేను అనను, కొన్ని చాలా మంచివి. కానీ ఎంఎస్సీ అన్న పేరు ఒక్కటే చూస్తే సరిపోదు. అక్కడ ప్రభుత్వం గుర్తించిన మాస్టర్స్ స్థాయి డిప్లొమా వేరు, పేరున్న ఉన్నత విద్యాసంస్థల సంఘం 'కాన్ఫరెన్స్ దే గ్రాంద్ ఎకోల్' ముద్ర ఉన్న ఎంఎస్సీ వేరు, స్కూలు తనకి తానే ఇచ్చుకునే సర్టిఫికెట్ వేరు. మొదటి రెండింటితో చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి అనుమతి పత్రం అడగొచ్చు. భారతీయులకి అది మొత్తం రెండేళ్ల దాకా ఉంటుంది. మూడోదానితో ఆ తలుపు మూసుకుపోవచ్చు. మీ అమ్మాయి కోర్సు వీటిలో ఏదో స్కూలుకి ఈమెయిల్ రాసి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఈ పని మీరు చేయండి, ఈ వారం ఆమె నెత్తిన వేయకండి. జవాబు బాగా లేకపోతే కంగారుపడి టికెట్ కొనకండి. ఏడాది మధ్యలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకి దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది, అప్పుడు మళ్లీ నాకు రాయండి.

భాష సంగతి ఇంకా ముఖ్యం. ఫ్రెంచ్ అక్కర్లేదని చెప్పి పంపినవాళ్లు చదువు వరకే చెప్పారు, బతుకు గురించి చెప్పలేదు. లియోన్ చుట్టుపక్కల ఫార్మా, కెమికల్, బయోటెక్ కంపెనీలు చాలా ఉన్నాయి. డేటా పని కోడ్‌లోనే ఉండొచ్చు, మీటింగు మాత్రం ఫ్రెంచ్‌లో జరుగుతుంది. అక్కడ స్టాజ్ అనే ఇంటర్న్‌షిప్ చాలా కోర్సుల్లో తప్పనిసరి, రెండు నెలలు దాటితే జీతం లాంటి భత్యం ఇవ్వాలని చట్టం. దాని వేట చలికాలంలోనే మొదలవుతుంది. ఆ లోపు కాస్త మాట్లాడగలిగితే ఆమెకి ఎన్నో తలుపులు తెరుచుకుంటాయి. ఈ వారం తగిలిన దెబ్బ ఒకందుకు మేలే, భాష ఎందుకు కావాలో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. స్కూల్లో ఫ్రెంచ్ క్లాసు ఉంటే మొదటి రోజే పేరు రాయించుకోమనండి.

జర్మనీ గురించి రెండు మాటలు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు, అది పెద్ద మేలు. వీసా కోసం, నెలకి కొంత చొప్పున మాత్రమే తీసుకోగలిగే 'బ్లాక్డ్ అకౌంట్'లో ఏడాదికి 11,904 యూరోలు ముందే చూపించాలి, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. అక్కడా ఆదివారం కొట్లు మూతే, అక్కడా మొదటి వారం అడ్రసు రిజిస్ట్రేషన్ కోసం పరుగే, అక్కడా భాష రాకపోతే ఉద్యోగం కష్టమే. మీ అమ్మాయి వెనక్కి వస్తే ఒక ఏడాది పోతుంది, కట్టిన ఫీజు పోతుంది, 'నేను ఉండలేకపోయాను' అన్న మాట మనసులో ఉండిపోతుంది. ఆమె మళ్లీ విమానం ఎక్కినా ఆరో రోజున ఇలాగే ఏడుస్తుంది, ఈసారి బెర్లిన్‌లో.

నిజంగా కంగారుపడాల్సిన గుర్తులు వేరు. క్లాసులు మొదలై మూడు నాలుగు వారాలైనా తిండి, నిద్ర కుదరకపోతే, గది దాటకపోతే, ఫోన్లో ఏడుపు కూడా ఆగిపోయి పొడి మాటలే వస్తుంటే ఆలస్యం చేయకండి. 'సాంతే ప్సి ఎత్యుడియాంత్' పథకం కింద విద్యార్థులు డబ్బు కట్టకుండానే సైకాలజిస్టుని కలవొచ్చు. అప్పుడు ఆమె తిరిగి రావాలనుకుంటే నేనే ముందు రమ్మంటాను, ఏ లోనూ బిడ్డకన్నా ఎక్కువ కాదు. ఇప్పుడు ఆమెది బెంగ. మీరు ఆమెని బాగా పెంచారు కాబట్టే ఆ బెంగ.

కాగితాల్లో ఒకటి మాత్రం మరవొద్దు. దిగిన మూడు నెలల్లోపు వీసాని ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేసుకోవాలి, అంటే దిగానని నమోదు చేయించుకోవాలి, ఈ నెలలోనే చేసేయమనండి. పుట్టినతేదీ సర్టిఫికెట్ మీ బీరువాలోనే ఉండిపోయి ఉంటే రేపే స్కాన్ చేసి పంపండి, ఆరోగ్య బీమా రిజిస్ట్రేషన్‌కి అడుగుతారు.

ఆదివారం రాత్రి పదిన్నరకి ఫోన్ చేయండి, అక్కడ సాయంత్రం ఏడు అవుతుంది. పోస్టు డబ్బా మీద పేరు అతికించిందో లేదో అడగండి. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయమనండి.