పండితుడి ఉత్తరాలు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: మా తాతగారు వనపర్తి, గద్వాల పండితులతో చివరిదాకా ఉత్తరాలు నడిపారు. ఆయన మీద కుటుంబం తరఫున ఓ జ్ఞాపకాల పుస్తకం తెద్దామంటే, ట్రంకుపెట్టెలో ఆయనకు వచ్చిన కార్డులే ఉన్నాయి. ఆయన రాసింది ఒక్కటీ లేదు.
– ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్

జవాబు: ఉండదు కూడా. ఆయన రాసినవి అందుకున్నవాళ్ల ఇళ్లల్లో ఉంటాయి. ఆ ఇళ్ల జాడ మీ పెట్టెలోనే ఉంది. ప్రతి కార్డుకూ నోటుబుక్కులో ఒక వరుస రాయండి: రాసినవారు, ఊరు, తేదీ, ఏ ఉత్తరానికి జవాబు. ‘తమరి 12వ తేదీ లేఖ చేరినది’ అని కనిపించిందా, ఆ లేఖ ఆ ఇంటికి చేరిందన్నమాటే. ఎక్కువసార్లు వచ్చిన పేర్లతో మొదలుపెట్టండి. పాత చిరునామాలో జిల్లా మహబూబ్‌నగర్ అని ఉన్నా, 2016 తర్వాత ఆ ఊరు వనపర్తి జిల్లాలోనో, జోగులాంబ గద్వాలలోనో పడి ఉండొచ్చు.

పోయి ‘పాత కాగితాలున్నాయా’ అంటే లేవనే అంటారు. వాళ్ల పెద్దాయన దస్తూరీ ఉన్న కార్డు ఫొటో ముందు చూపించండి. పాత పంచాంగాల్లో, పుస్తకాల అట్టల లోపల, ఉత్తరాలు గుచ్చి దూలానికి వేలాడదీసిన ఇనుప తీగ కట్టలో చూడమనండి. తీగ కట్ట దొరికితే లాగొద్దు. తుప్పు పట్టినచోట కాగితం తీగను పట్టుకుని ఉంటుంది, లాగితే రెండు మూడు అక్షరాలు ఊడిపోతాయి. పైకొక్కెం సాపు చేసి ఒక్కొక్కటే పైకి తీయండి, తీసిన వరుసలోనే మూలన పెన్సిలుతో అంకె వేయండి. అన్నిటికన్నా పైది చివర గుచ్చినది. తేదీ లేని కార్డుకు ఆ వరుసే సాక్ష్యం.

అసలు ప్రతులు అడగకండి, అక్కడే ఫొటో తీసుకోండి: వసారా నీడలో, ఫ్లాష్ లేకుండా, ఫోను కార్డుకు సరిగ్గా పైన పట్టుకుని. చాలామంది చిరునామా వైపు వదిలేస్తారు, తపాలా ముద్ర ఉండేది అక్కడే. లామినేషన్, సెల్లోటేపు వద్దేవద్దు. టేపు జిగురు కొన్నేండ్లకు పచ్చబడి కాగితంలోకి దిగుతుంది.

ప్రశ్న: కొన్నిటిమీద ‘1352 ఫసలీ, తీర్’ అని, కొన్నిటిమీద ‘సర్వజిత్తు మాఘం’ అని ఉంది. ఇవి ఏ సంవత్సరాలు?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: నిజాం రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఇంగ్లీషు ఏడాది కావాలంటే ఫసలీ అంకెకు డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. తీర్ నెల అంటే మే ప్రాంతం, కాబట్టి మీది 1943. అన్నిటికీ 590 కలిపేసి ఏడాది వెనక్కి పోవడం మామూలు పొరపాటు. సర్వజిత్తు 1947 ఉగాదికి మొదలైంది, మాఘం వచ్చేసరికి 1948. తేదీయే లేకుంటే కార్డు మీద ధర చూడండి: అణాలైతే 1957 ఏప్రిల్‌కు ముందు అచ్చయింది, నయా పైసలైతే 1957–64. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. కార్డులు కొని దాచుకుని ఎప్పుడో రాసేవాళ్లూ ఉండేవారు గనుక, ముద్ర చదవగలిగితే దాన్నే నమ్మండి.

ప్రశ్న: ఇతరులు రాసినవి అచ్చు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మీకొచ్చిన కాగితం మీ సొత్తే, కానీ అందులోని రాత మీద హక్కు రాసినవారి వారసులది. రాసినవారు పోయి 60 ఏండ్లు దాటింది, ఇక హక్కు తీరిపోయిందన్న ధీమా పనికిరాదు. రాసినవారు బతికుండగా అచ్చు కాని రచనకు ఆ 60 ఏండ్లను మొదటి ప్రచురణ మరుసటి ఏడు నుంచి లెక్కేస్తారు. ఫొటోలు తీసిన రోజే, ఏయే ఉత్తరాలు అచ్చు వేస్తారో తేదీలతో రాసి ఆ వారసుల సంతకం తీసుకోండి. మీ తాతగారివైనా సరే, హక్కు మీ ఒక్కరిదే కాదు, మేనత్తల సంతకాలూ కావాలి.