తారీఖు డాక్టరు చెప్పినా కాన్పు మీదే

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. తొలి కాన్పు. ఖమ్మం దగ్గర పుట్టింట్లో ఉన్నాను. నొప్పులు వాటంతట అవే వచ్చి సహజంగా కాన్పు కావాలని మొదటి నుంచీ ఆశపడ్డాను. రోజూ నడిచాను, ఊపిరి వ్యాయామాలు నేర్చుకున్నాను. మొన్నటితో 37 వారాలు నిండాయి. పరీక్షకు వెళితే బీపీ 150/100 ఉంది, మూత్రంలో ప్రొటీన్ పోతోందట. ఎల్లుండి ఆస్పత్రిలో చేరితే మందులతో నొప్పులు రప్పిస్తామన్నారు. అమావాస్య వెళ్లేదాకా ఆగమని అత్తగారు అంటున్నారు. ‘మా కాలంలో ఈ మందులెక్కడివి’ అంటోంది అమ్మ. మా వారు ఏమీ మాట్లాడరు. నా ఒళ్లే నాకు సహకరించలేదని రాత్రంతా ఏడుపొస్తోంది. ఒక్క వారం ఆగితే తప్పా?
– ఒక సోదరి

జవాబు: ఆగకండి. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు, ఈ ఒక్క విషయంలో మాత్రం బేరానికి తావు లేదు.

మీకు వచ్చింది ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు. మాత్రలతో బీపీ అంకెను అదుపులో ఉంచవచ్చు కానీ లోపలి జబ్బు తగ్గదు. బిడ్డ పుట్టి, మాయ బయటికి వచ్చాకే అది తగ్గుముఖం పడుతుంది. ఆలస్యం చేస్తే మూర్ఛలు రావచ్చు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, బిడ్డకు రక్తం అందడం తగ్గవచ్చు. పాతవాళ్లు గుర్రపు వాతం అని భయపడింది ఆ మూర్ఛలకే. మీ అమ్మగారిని నెమ్మదిగా అడిగి చూడండి, పురిటింట్లోంచి తిరిగి రాని ఆడవాళ్లు వాళ్ల ఊళ్లోనూ ఉండే ఉంటారు.

మీ ఉత్తరంలో రాయకుండా వదిలేసిన అనుమానం కూడా నాకు కనిపిస్తోంది: నొప్పుల మందు పేరుతో చివరికి ఆపరేషన్ గదికే తీసుకెళతారేమోనని. ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. ఇలాంటి చోట డాక్టరు మాటను నిలదీయడం తప్పు కాదు, తెలివే. కానీ ఒక్కసారి ఆలోచించండి. మీ డాక్టరుకు కోత మీదే మనసుంటే ఈ బీపీ చూపించి నేరుగా ఆపరేషన్ తేదీ ఇచ్చి ఉండేవారు, మీ ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పేవారూ కాదు. ఒకటి రెండు రోజులు మీ మంచం పక్కన కాపలా కాసే దారి ఎంచుకున్నారంటే మామూలు కాన్పు కోసమే. నెదర్లాండ్స్‌లో బీపీ ఉన్న 756 మంది గర్భిణుల మీద జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. ఎదురుచూసిన వారిలో 44 శాతం మంది తల్లుల ఆరోగ్యం దెబ్బతింటే, నొప్పులు రప్పించిన వారిలో అది 31 శాతమే. సిజేరియన్లు కూడా పెరగలేదు.

ఎల్లుండి ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. ముందు గర్భాశయ ముఖద్వారం ఎంత మెత్తబడిందో చూస్తారు. మెత్తబడకపోతే జెల్ పెడతారు, లేదా మాత్ర ఇస్తారు, లేదా నీళ్లు నింపిన చిన్న బెలూన్ గొట్టం అమరుస్తారు. పొట్టకు బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు వింటుంటారు. మొదట్లో నెలసరి నొప్పిలా నడుము లాగడం తప్ప పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు. ఆ తర్వాత ఉమ్మనీటి సంచి చిదిమి, నొప్పులు రప్పించే ఆక్సిటోసిన్ మందును సెలైన్‌లో చుక్కలు చుక్కలుగా పెంచుతూ పోతారు. తొలి కాన్పుకు ఒక రోజు పట్టవచ్చు, రెండో రోజూ పట్టవచ్చు. బయట వరండాలో చుట్టాలు మాత్రం రెండు గంటలకే ‘ఇంకా కాలేదా’ అని మొదలుపెడతారు! మీ ఫోన్ మీవారి చేతికిచ్చేయండి.

చేరేటప్పుడే డాక్టరును కొన్ని అడగండి. తల్లీబిడ్డా బాగున్నంతవరకు, సంచి చిదిమి ఆక్సిటోసిన్ పెట్టాక కనీసం 12 గంటలైనా చూస్తారా? మధ్యలో లేచి నడవనిస్తారా, ఏమైనా తిననిస్తారా? నొప్పి తెలియకుండా నడుములో ఎపిడ్యూరల్ మత్తుమందు ఇచ్చే వీలుందా? పక్కన ఒక మనిషిని ఉండనిస్తారా? ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. కొన్ని ప్రైవేటు చోట్ల గట్టిగా అడిగితే తప్ప రానివ్వరు. బిడ్డ పుట్టగానే మీ గుండెల మీద పడుకోబెట్టమని, మొదటి గంటలోనే పాలు పట్టించమని ముందే చెప్పి ఉంచండి. ఒకవేళ బిడ్డ గుండె చప్పుడు తగ్గి సిజేరియనే అవసరమైనా ఈ చివరి రెండూ చాలావరకు కుదురుతాయి. మీరు నేర్చుకున్న ఊపిరి వ్యాయామాలు వృథా పోవు. మందుతో వచ్చే నొప్పులు ఒకదాని వెంట ఒకటి జోరుగా రావచ్చు, అప్పుడు అవే అక్కరకొస్తాయి.

అత్తగారితో మీరు వాదించకండి. అది మీవారి పని. రేపే ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఆగితే ఏమవుతుందో ఆయన చెవులతో విననివ్వండి. వాళ్లమ్మకు ఆయనే చెప్పాలి. ఇన్నాళ్లూ మాట్లాడని మనిషి మాట్లాడడానికి ఇంతకు మించిన సందర్భం నాకు తోచడం లేదు.

ఏడుపు వస్తే ఏడవండి. ‘బిడ్డ క్షేమంగా ఉంటే చాలదా’ అని మీ నోరు నొక్కేవాళ్ల మాట పట్టించుకోవద్దు. బిడ్డ క్షేమం కోరుకుంటూనే, అనుకున్నది జరగలేదని బాధపడవచ్చు. ఒళ్లు సహకరించలేదన్న మాటకు మాత్రం నేను ఒప్పుకోను. ఈ జబ్బు నడక తగ్గినందుకో ఉప్పు ఎక్కువైనందుకో రాదు. మాయ గర్భాశయంలో అతుక్కునే తొలి నెలల్లోనే దానికి బీజం పడుతుంది, అప్పుడు మీరు చేయగలిగింది ఏమీ లేదు.

ఎల్లుండి వరకు ఇంట్లో ఉండమన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, డొక్కల కింద నొప్పి, వాంతులు, ఆయాసం, బిడ్డ కదలికలు తగ్గడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా బయలుదేరండి. నొప్పులు త్వరగా వస్తాయని ఎవరైనా ఆముదమో కషాయమో తెస్తే తాగకండి.

కాన్పయ్యాక కూడా కొన్ని రోజుల పాటు బీపీ పెరగవచ్చు. ఇంటికి పంపేటప్పుడే, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో రాయించుకోండి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే అదీ డాక్టరుకే చెప్పండి. రెండో కాన్పు మాట వచ్చినప్పుడు మొదటి చెకప్‌లోనే ఈ బీపీ సంగతి చెప్పాలి. 12 వారాలు నిండినప్పటి నుంచే తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇచ్చి ముప్పు తగ్గించే వీలుంది.