బ్రాకెట్లో దాచిన వాక్యం

అమ్మాయ్,

నువ్వు పంపిన ఐదు నవలల స్పందనలూ చదివాను. 'మీ మనవరాలి వయసు నాది, మీరు అనకండి' అన్నావు కనక నువ్వు అనే రాస్తున్నాను. తెలుగు బాగుంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. ఆ సంగతి అక్కడితో వదిలేస్తాను, ఎందుకంటే మూడు రోజులుగా నన్ను కుదురుగా ఉండనివ్వనిది వేరే ఉంది.

నాలుగోది, ఆ అన్నదమ్ముల నవల గురించి రాసినది తీసి చూడు. రెండో పేజీ చివర బ్రాకెట్లో ఒక వాక్యం పెట్టావు: '(అన్న ఆ ఉత్తరం పోస్టు చెయ్యకుండా జేబులో పెట్టేసుకున్న చోట పుస్తకం మూసేశాను, రెండు రోజులు మళ్లీ ముట్టుకోలేదు.)' అంతే. బ్రాకెట్ మూసిన మరుక్షణం 'రచయిత శైలి సరళంగా, హృద్యంగా ఉంది' అంటూ మామూలు దారిలో పడిపోయావు. నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు ఒక పుస్తకాన్ని ముట్టుకోలేకపోయిన మనిషివి, ఆ రెండు రోజుల సంగతి వదిలేసి నాకు శైలి గురించి చెబుతావేంటి? కోపం వచ్చిందా, భయం వేసిందా, నువ్వూ ఎప్పుడైనా ఎవరికైనా రాసి పంపకుండా దాచుకున్నావా? ఆ నవల నేనూ చదివాను. ఆ పేజీ దగ్గర ఆగలేదు, గబగబా దాటిపోయాను. నీ బ్రాకెట్ చూశాక పుస్తకం మళ్లీ తీశాను. అతను ఉత్తరాన్ని రెండు మడతలు పెడతాడు, ఒకసారి విప్పుతాడు, మళ్లీ మడిచి జేబులో పెట్టుకుంటాడు. ఆ మధ్యలో విప్పడం మొదటిసారి నాకు కనపడనే లేదు. నలభై ఏళ్లుగా నవలలు చదువుతున్నవాడికి నువ్వు ఒక కొత్త చోటు చూపించావు, అదీ బ్రాకెట్లో, ఏదో తప్పు చేసినట్టు దాచి.

నవల గురించి రాసేవాళ్లకు నేను చెప్పేది ఎప్పుడూ ఇదొక్కటే. ఏ పేజీలో నీకు ఏమైందో చెప్పు. మిగతాదంతా ఎవరైనా రాస్తారు.

మిగతా నాలుగింటిలో 'ఏకబిగిన చదివించింది' అని మూడు చోట్ల ఉంది. 'పాత్రలు కళ్ల ముందు కదలాడాయి' రెండు చోట్ల. 'సమాజానికి అద్దం పట్టింది' ఒకచోట. పెన్సిల్‌తో గీతలు పెట్టాను, కాగితాలు వెనక్కి పంపుతున్నాను చూసుకో. ఆ వాక్యాల్లో నవల పేరు తీసేసి వేరే నవల పేరు పెట్టు. చక్కగా సరిపోతాయి. అంటే ఆ మాటలు నువ్వు ఆ నవల తెరవకముందే నీ దగ్గర ఉన్నాయి.

ఈ మాటల మీద నా కోపం ఇవాళ్టిది కాదు. నాకు ముప్ఫై ఏళ్లు దాటుతున్న రోజుల్లో ఒక వారపత్రికకు పుస్తక సమీక్షలు రాసేవాణ్ని. ఒక నవల గురించి 'చివరి అధ్యాయం నాకు అర్థం కాలేదు, మూడుసార్లు చదివినా కాలేదు, కానీ నాలుగోసారి చదవాలనిపిస్తోంది' అని రాశాను. అచ్చులో చూస్తే ఆ వాక్యం లేదు. దాని స్థానంలో 'ముగింపు పాఠకులను ఆకట్టుకుంటుంది' అని ఉంది. ఎడిటర్ని అడిగితే, అర్థం కాలేదని సమీక్షకుడే అంటే పుస్తకం ఎవరు కొంటారయ్యా అన్నాడు. నేను రాసినదాంట్లో నిజమైన వాక్యం అదొక్కటే. కథ క్లుప్తంగా, సందేశం ఒక లైను, ముఖచిత్రం గురించి ఒక మంచిమాట, ఇదీ ఆయన కొలత. ఆ కొలతకు కుట్టిన చొక్కాలే ఇప్పటికీ అందరూ తొడుక్కుంటున్నారు. ఎడిటర్ అవసరం లేకుండా ఎవరికి వాళ్లు నేరుగా రాసుకునే రోజులొచ్చాక కూడా అదే కొలతకు రాస్తున్నారంటే నాకు బాధగా ఉంటుంది. నీకెవరూ కత్తెర పెట్టలేదు కదమ్మా, నీ వాక్యాన్ని నువ్వే ఎందుకు బ్రాకెట్లో పెట్టుకున్నావు?

ఒక సంగతి చెబుతాను. 1845 మే నెలలో రష్యాలోని పీటర్స్‌బర్గ్‌లో 23 ఏళ్ల దస్తయేవ్‌స్కీ తన మొదటి నవల 'పేదజనం' రాతప్రతిని స్నేహితుడు గ్రిగరోవిచ్‌కి ఇచ్చాడు. గ్రిగరోవిచ్ దాన్ని కవి నెక్రాసోవ్ దగ్గరికి తీసుకెళ్లాడు. పది పేజీలు చూస్తే తెలిసిపోతుందని ఇద్దరూ మొదలుపెట్టారు. పది అయ్యాక ఇంకో పది, ఆ తర్వాత ఇంకో పది, ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకుని పైకి చదువుతూ రాత్రంతా కూర్చుని పూర్తిచేసి, తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లి అతని తలుపు కొట్టారు. నిద్రపోతుంటే ఏం, నిద్రకంటే ఇది ముఖ్యం అనుకుని వెళ్లారు. అయితే నన్ను పట్టుకున్నది ఆ నాలుగింటి తలుపు కాదు. ఆ నవలలో ఒక పేద విద్యార్థి చనిపోతాడు. అతని ముసలి తండ్రి కోటు జేబుల నిండా కొడుకు పుస్తకాలు కుక్కుకుని శవపేటిక బండి వెనక పరిగెడతాడు. పుస్తకాలు జారి బురదలో పడుతుంటే ఏరుకుని మళ్లీ పరిగెడతాడు. అక్కడ చదువుతున్న నెక్రాసోవ్‌కు గొంతు పూడుకుపోయింది, ఒకసారి కాదు రెండుసార్లు, ఇక ఆపుకోలేక చేత్తో రాతప్రతి మీద కొట్టాడు. గ్రిగరోవిచ్ తర్వాత దస్తయేవ్‌స్కీకి విడిగా చెప్పింది ఇదే. ఫలానా చోట, తండ్రి పరిగెత్తే చోట, ఇలా అయింది అని. దస్తయేవ్‌స్కీ దాన్ని 1877లో రాసుకున్నాడు. ముప్ఫై ఏళ్లు దాటినా ఏ చోట ఆ గొంతు ఆగిందో మర్చిపోలేదు.

నీ అన్నదమ్ముల నవల రాసినాయనకు నువ్వు బ్రాకెట్లో పెట్టిన వాక్యం చేరితే ఎలా ఉంటుందో ఊహించు.

ఇక కథ చెప్పడం. ఒక్కోదానికి పేజీన్నర కథే చెప్పావు. చదవనివాళ్లకు చదవబోయే ఆనందం పోయింది, చదివినవాళ్లకు అది అక్కర్లేదు. నాలుగు వాక్యాలు చాలు, ఆ పేజీ దాకా మమ్మల్ని తీసుకెళ్లడానికి ఎంత కావాలో అంతే.

నచ్చని నవల గురించి రాయొచ్చా అని అడిగావు. తప్పకుండా రాయి, కానీ పూర్తిగా చదివి రాయి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఒకావిడ నవల అరవై పేజీలు చదివి, విసుగొచ్చి, చివరి అధ్యాయం తిరగేసి 'నాయికలో ఎదుగుదల లేదు' అని రాసేశాను. వారం తర్వాత పోస్టుకార్డు వచ్చింది. అందులో ఒకటే ప్రశ్న: '143వ పేజీ చదివారా?' చదవలేదు. అప్పుడు చదివాను. నాయిక ఆ పేజీలో తలుపు దాకా వెళ్లి, గొళ్లెం మీద చెయ్యి పెట్టి, వెళ్లకుండా వెనక్కొచ్చి కూర్చుంటుంది. ఆ వెనక్కి రావడం ఒక నిర్ణయమని అప్పటికి గానీ నాకు తెలియలేదు. ఆవిడకు క్షమాపణ చెబుతూ రాశాను, జవాబు రాలేదు. ఆ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది.

ఒక్కో నవలకూ కింద ఐదుకు ఇన్ని చుక్కలని వేశావు, మూడున్నర కూడా ఉంది. ఆ అర చుక్క ఏ పేజీకి పోయింది? 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు', అడివి బాపిరాజు 'నారాయణరావు' రెండిటికీ కలిపి ఇచ్చారు. రెండూ రెండు వేరే లోకాలు. తొంభై ఏళ్లయినా ఏది గొప్పదని వాదించుకునేవాళ్లు వాదించుకుంటూనే ఉన్నారు, కానీ ఆ రెండూ ప్రాణంగా చదువుకున్నవాళ్లను నేను చూశాను, వాళ్లు అంకెలు చెప్పరు, ఒక ఘట్టం చెబుతారు, చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోతారు. ఈ చుక్కల ఫ్యాషన్ నీకొద్దు.

నోటుబుక్ ఒకటి పెట్టుకో. చదువుతూ ఆగిన ప్రతిచోటా పేజీ నంబరు, వాక్యంలో మొదటి నాలుగు మాటలు, పక్కన నీకేమైందో ఒక్క లైను, తారీఖు. నవల అయ్యాక రాద్దామనుకుంటే అప్పటికి అన్నీ కలిసిపోయి 'చాలా బాగుంది' మిగులుతుంది. నా పాత నోటుబుక్కులో గోపీచంద్ నవల 'అసమర్థుని జీవయాత్ర' కింద 'ఈ సీతారామారావును పట్టుకుని కుదిపెయ్యాలి' అని ఉంది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. యాభై దగ్గర పడ్డాక మళ్లీ చదివినప్పుడు దాని కిందే 'ఇతని మాటలే నేనూ మావాళ్లతో అన్నాను, భయమేస్తోంది' అని రాసుకున్నాను. మొదటి లైను రాసి ఉంచుకోకపోతే నేనెంత మారానో నాకే తెలిసేది కాదు. గోపీచంద్ ఆ నవలను 'ఎందుకు' అని అడగడం నేర్పిన తండ్రికి అంకితమిచ్చాడు. నువ్వు ఆగిన ప్రతిచోటా నిన్ను నువ్వు అడగాల్సిన మాట కూడా అదే.

ఇంకా ఏవేవో అడిగావు, ఎన్ని పదాలుండాలి, ఎవరికి పంపాలి అని. అవి ఇప్పుడు కాదు.

ముందు ఆ నాలుగోది మళ్లీ రాసి పంపు. బ్రాకెట్లు తీసెయ్యి, ఆ వాక్యంతోనే మొదలుపెట్టు. ఆ రెండు రోజులూ పుస్తకం ఎక్కడ పెట్టావు, దాని పక్కనుంచి నడుస్తున్నప్పుడు ఏమనిపించింది, మూడో రోజు ఎందుకు తెరిచావు, ఆ పేజీ నుంచే మొదలుపెట్టావా, వెనక్కి వెళ్లావా, ఇవన్నీ నాకు తెలియాలి. ఈలోగా నేను ఆ నవల మొదటినుంచీ మళ్లీ చదువుతుంటాను.

మీ తాతగారి వయసువాడు