మూటలు వద్దమ్మా, డబ్బు పంపండి

ప్రశ్న: సూడాన్ యుద్ధం గురించి టీవీలో చూసి మా వీధి ఆడవాళ్ళం పాత చీరలు, దుప్పట్లు, పిల్లల స్వెటర్లు పోగుచేశాం. మా వరండా నిండిపోయింది. అక్కడి శరణార్థులకు పంపేదెలా? యుద్ధం ఆపాలని నాలుగుకాళ్ళ మంటపం దగ్గర అట్టలు పట్టుకుని నిలబడదామంటే, "మీరు నిలబడితే ఆగిపోతుందా?" అని మా ఆయన నవ్వుతున్నారు.
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ముందు మూటల సంగతి. పంపకండి. 2023 ఏప్రిల్ 15న మొదలైన ఆ యుద్ధంలో కోటి మందికి పైగా ఇళ్ళు వదిలారు. సూడాన్ పశ్చిమాన ఉన్న డార్ఫర్ ప్రాంతంలోని ఎల్ జెనీనా ఊరి నుంచి తల్లులు పిల్లల్ని చంకనేసుకుని సరిహద్దు దాటి, చాద్ దేశంలోని అద్రే చేరారు. సుమారు 30 కిలోమీటర్లు. మీకు శ్రీకాళహస్తి అంతకంటే కాస్త దూరం. చాద్‌కు సముద్రం లేదు. మీ మూట చెన్నైలో ఓడెక్కినా కామెరూన్‌లోని దువాలా రేవులో దిగి, అక్కడినుంచి లారీలో చాద్ ఈ కొసనుంచి ఆ కొసకి పోవాలి. వానాకాలంలో వాగులు పొంగితే లారీలు ఎక్కడివక్కడే. మీ చీరలు పనికిరావని కాదు, సూడాన్ ఆడవాళ్ళూ తోబ్ అని నాలుగున్నర మీటర్ల గుడ్డ చుట్టుకుంటారు. కిరాయే దండగ.

ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ దుప్పట్లు, టార్పాలిన్లు దుబాయ్ గోదాముల్లో ముందే నిల్వ ఉంచుతుంది. మన దగ్గర రూపాయల్లోనే విరాళం తీసుకుంటుంది. ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే కట్టండి. వాట్సాప్‌లో వచ్చే క్యూఆర్ కోడ్‌లకు పైసా కొట్టకండి. చీరలతో బొంతలు కుట్టించి అమ్మితే ఆ డబ్బు వచ్చేస్తుంది. దుప్పట్లు ఆస్పత్రుల బయట పడుకునే రోగుల బంధువులకు ఇవ్వండి.

ఇక మీవారి నవ్వు. ఆయన అన్నది నిజమే, ఆగదు. 1988లో జెరూసలేంలో కొందరు ఇజ్రాయెలీ ఆడవాళ్ళు నల్లబట్టలు కట్టుకుని, పాలస్తీనా నేలను తమ దేశం ఆక్రమించుకోవడాన్ని నిరసిస్తూ 'ఆక్రమణ ఆపండి' అన్న అట్టలతో ప్రతి శుక్రవారం నోరు మెదపకుండా నిలబడ్డారు. దారినపోయేవాళ్ళు బూతులు తిట్టారు. ఆక్రమణ నేటికీ ఆగలేదు. కానీ ఆ పద్ధతి 'విమెన్ ఇన్ బ్లాక్' పేరుతో 1991లో అప్పటి యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌కు పాకింది. అక్కడివాళ్ళు తమ సర్కారు యుద్ధానికి ఎదురు నిలబడడంతో ఆగలేదు, సైన్యంలో చేరనన్న కుర్రాళ్ళకు అండగా ఉన్నారు, శరణార్థులకు సాయం చేశారు. మీరూ రెండు పనులూ చేయాలనుకుంటున్నారు కదా, చేయండి.

ముందు పోలీస్ స్టేషన్‌లో అర్జీ పెట్టి అనుమతి తీసుకోండి. పోలీసు చట్టంలోని సెక్షన్ 30 అమల్లో ఉన్నప్పుడు అనుమతి లేకుండా నిలబడితే కేసు పెడతారు. బ్రహ్మోత్సవాల రోజుల్లో మాత్రం పెట్టుకోవద్దు. ఆ జనంలో మీ అట్ట ఎవరికీ కనపడదు, బందోబస్తు పోలీసులకు చిరాకు.