బొబ్బర్ల మీద నల్ల మసి: యాంటీబయాటిక్ కలపవద్దు

ప్రశ్న: అరెకరంలో బొబ్బర్లు వేశాను. పూత, కాయ మీద ఉంది. చిగుళ్లు ముడుచుకుపోయి, ఆకుల మీద నల్లగా మసి పట్టింది. మందుల షాపులో మసి తెగులు అని మాంకోజెబ్ ఇచ్చారు. ఇమిడాక్లోప్రిడ్ మూడుసార్లు, తర్వాత మందు మార్చి థయోమిథాక్సామ్ ఒకసారి కొట్టాను. తగ్గలేదు. పురుగు ఒంట్లోని బ్యాక్టీరియాను చంపితే పురుగే చస్తుందని వీడియోలో చూశాను. షాపులో కూడా యాంటీబయాటిక్ పొడి కలపమంటున్నారు. ఎంత కలపాలి?
– ఒక రైతు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: అసలు కలపవద్దు. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిసిన ఆ పొడిని పంటల మీద వాడటం 2024 జనవరి 1 నుంచి దేశమంతటా నిషేధం. స్ట్రెప్టోమైసిన్ మనుషుల క్షయకు ఇచ్చే మందు. దాన్ని చేలో చల్లితే మందుకు లొంగని బ్యాక్టీరియాను మనమే పెంచినట్లు. అమ్మినవాళ్లది తప్పే, కానీ మీరు కూడా కొనకండి.

మీ పంటకు వచ్చింది తెగులు కాదు, పేనుబంక అనే రసం పీల్చే పురుగు. ముడుచుకున్న చిగురు విప్పి అడుగున చూడండి, నల్లటి చిన్న పేలు గుంపుగా కనిపిస్తాయి. అవి విసర్జించే తీపి బంక మీద పెరిగిన బూజే ఆ మసి. మాంకోజెబ్ డబ్బు దండగ. పేను తగ్గితే కొత్త ఆకులు శుభ్రంగా వస్తాయి.

వీడియోలో చెప్పిన బ్యాక్టీరియా మాట అబద్ధం కాదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మొక్క రసంలో చక్కెర ఎక్కువ, ఒళ్లు పెరగడానికి కావలసిన అమైనో ఆమ్లాలు తక్కువ. ఆ లోటు తీర్చేది పేను ఒంట్లో ప్రత్యేక కణాల్లో ఉండే బుక్నెరా అనే బ్యాక్టీరియా. మిగిలిపోయిన చక్కెరే బంకగా బయటికి వస్తుంది. తల్లి నుంచి పిల్లకు కడుపులోనే అందుతూ ఈ జోడీ 16 నుంచి 20 కోట్ల ఏళ్లుగా సాగుతోంది. ఇన్నేళ్లలో బుక్నెరా తన జన్యువుల్లో చాలావాటిని పోగొట్టుకుంది. మన పేగుల్లోని ఈ-కోలై అనే బ్యాక్టీరియా జన్యుపటంలో సుమారు 46 లక్షల అక్షరాలుంటే, దీనికి మిగిలింది 6.4 లక్షలే. ఇప్పుడు బయట అది బతకలేదు, అది లేకుండా పేనూ సరిగా పెరిగి పిల్లల్ని పెట్టలేదు. బఠానీ పేనుబంకలో బుక్నెరా జన్యుపటంలో ఒకచోట ఒక్క అక్షరం పోతే చాలు, వేడి తగిలిన పేనుకు సంతానం దాదాపు ఉండదు. అదే మార్పు చల్లటి వాతావరణంలో దానికి మేలు చేస్తుంది. పురుగు ఎంత వేడి తట్టుకోగలదో కూడా లోపలి బ్యాక్టీరియానే నిర్ణయిస్తోందన్నమాట.

ప్రయోగశాలలో యాంటీబయాటిక్ తాగిస్తే పేను గిడసబారిపోవడం నిజమే. కానీ ఆకు మీద చల్లిన పొడి, పేను పీల్చే రసనాళాల్లోకి సరిపడా చేరుతుందని అనుకోకండి.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీరు వరుసగా కొట్టిన నాలుగు పిచికారీలు. జపాన్ శాస్త్రవేత్తలు 2012లో ప్రకటించిన విషయం వినండి. చిక్కుడు జాతి కాయల రసం పీల్చే ఒక నల్లి, పిల్ల దశలో మట్టి నుంచి బర్క్‌హోల్డేరియా అనే బ్యాక్టీరియాను పేగులోకి తీసుకుంటుంది. ఫెనిట్రోథియాన్ అనే పురుగుమందు పదేపదే పడిన నేలలో ఆ మందునే తిని బతికే బ్యాక్టీరియా పెరిగింది. దాన్ని తీసుకున్న నల్లి ఆ మందును తట్టుకుంది. తరాల తరబడి రావలసిన నిరోధక శక్తి ఒక్క పురుగు జీవితకాలంలోనే వచ్చేసింది! అదే నల్లి మన బొబ్బర్ల కాయల మీదా వాలుతుంది. పేనుబంకకు బుక్నెరా మట్టి నుంచి రాదు, కాబట్టి మీ చేలో జరిగింది అదేనని నేను అనడం లేదు. అయినా ఒకే మందు మళ్లీ మళ్లీ కొట్టడానికి భయపడాలి. మీరు మందు మార్చానంటున్నారు. మారలేదు. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్ రెండూ ఒకే కోవ మందులు, పేరే వేరు. షాపులో డబ్బా రంగు మారిస్తే మందు మారినట్టు కాదు.

ఇప్పుడు చేయవలసింది: గుంపులు పట్టిన చిగుళ్లు తుంచి సంచిలో వేసి చేను బయట పూడ్చండి. మిగిలినవాటిని నీటి జల్లుతో గట్టిగా కడగండి. మర్నాడు సాయంత్రం వేపనూనె 1500 పీపీఎం లీటరుకు 5 మి.లీ. చొప్పున, ఆకు అడుగు తడిసేలా కొట్టండి. ఐదు రోజులాగి చూడండి. రెండున్నర సెంటీమీటర్ల కొమ్మకు 20కి మించి పేలుంటేనే ఫ్లోనికామిడ్ 50 శాతం గుళికల మందు లీటరుకు 0.3 గ్రా. కొట్టండి. మీ అరెకరానికి 100 లీటర్ల నీళ్లు, 30 గ్రాములు. ఒక్కసారే. తేనెటీగలు వెళ్లిపోయాక, సాయంత్రం, ఉన్న కాయలన్నీ కోసుకున్న తర్వాతే. ఆపైన కనీసం వారం వరకు కాయలు కోసి రైతుబజారుకు పంపవద్దు.

అక్షింతల పురుగులు, ఉబ్బి గోధుమరంగుకు తిరిగిన పేలు ఎక్కువగా కనిపిస్తే మందు ఆపేయండి. ఆ ఉబ్బిన పేల లోపల మేలు చేసే చిన్న కందిరీగ పిల్లలుంటాయి. యూరియా పైపాటుగా వేస్తుంటే మానండి, లేత చిగురు పెరిగితే పేలకు పండగే.

వచ్చే పంటకు విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ కిలోకు 5 మి.లీ. పట్టించవచ్చు. అప్పుడు పైన ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్, అసిటామిప్రిడ్ మూడింటిలో ఏదీ కొట్టవద్దు, మూడూ ఒకే కోవవి. కొనేముందు డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు మీ రైతు సేవా కేంద్రంలో చదివించుకోండి.